ప్రమాణ దేహం

తొడుగు చల్లగా ఉండగా శూన్యం పట్టకూడదు. అందుకని నీహారిక రెండు చేతి తొడుగుల్నీ పొట్టకి ఆనించుకుని, పైన కొంగు కప్పి, వధువు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతోంది. వాటిని వెచ్చబెట్టే పెట్టె మూల బల్ల మీదే ఉంది గానీ కరెంటు రావడానికి ఇంకా టైముంది. ఊళ్ళలో పరీక్షా శిబిరాలు కరెంటు కోసం ఆగవు.

"గుడ్లు పొదుగుతున్నారేంటండి మేడంగారూ?" అంది స్వప్న, కుర్చీలో జాకెట్టు విప్పుకుని కూర్చుని.

"పొదిగితే నీలాంటిది ఇంకోటి వస్తుందేమోనని భయంగా ఉందక్కా."

"రాదులెండి. నాలాంటిది ఒక్కతే వచ్చింది భూమ్మీదకి. అందుకేగా గవర్నమెంటు నన్ను పట్టుకుని వేలాడుతుంది."

ఒకప్పుడు తణుకులో అది పెద్ద ఫంక్షన్ హాలు. కరెంటుకి పెద్ద కోత వచ్చాక పెళ్ళిళ్ళు ఇళ్ళ అరుగుల మీదకి వెళ్ళిపోయాయి, హాళ్ళు సర్కారు చేతికి వచ్చాయి. ఇది స్పర్శ పరిశోధనా కేంద్రం అయింది. భోజనాల హాలులో అరిటాకులు వేసే బల్లల మీద ఇప్పుడు రబ్బరు రొమ్ములు వరసగా ఉంటాయి. తడిమి గడ్డలు పట్టే స్పర్శికలు కావాలని శిక్షణకి వచ్చిన ఆడపిల్లలు వాటిలో గడ్డల్లా దాచిన గోళీల్ని వేళ్ళతో వెతుకుతుంటారు. పెళ్ళికూతుర్ని అలంకరించిన గదిలో, చుట్టూ బల్బుల గుంతలున్న నిలువుటద్దం ముందు, రోజూ పొద్దున్నే స్వప్న కూర్చుంటుంది. రాష్ట్రంలో ఉన్న తొడుగులన్నిటికీ ఆమే ప్రమాణ దేహం.

రోజూ శూన్యం పట్టే లిఖిత కూతురి పురుటికి వెళ్ళింది. అందుకే ఈ వారం ఆ పని నీహారికే చేస్తోంది.

తొడుగులు వెచ్చబడ్డాయి. వేసుకోగానే మాతృహస్తం మేలుకుని వేళ్ళని మెల్లగా ముందుకు తోసింది. రాష్ట్రంలోకెల్లా నేర్పైన స్పర్శికల చేతుల ఒత్తిడినీ, నడకనీ కలిపి, మరగకాచి వడపోసిన చెయ్యి అది. పదేళ్ళ నుంచి నీహారిక దాన్ని పెంచుతోంది. మెడ ఎముక కింద నుంచి మొదలుపెట్టి, నాటు వేసే మనిషి వెనక్కి జరిగినట్టు, వరస తర్వాత వరస కిందికి దిగింది. ముందు పైపైన, తర్వాత లోపలికి, ఆ తర్వాత ఎముక తగిలేదాకా. తొడుగు ఏది వదిలితే వేలికి అదే తెలుస్తుంది. మామూలు మెత్తదనాన్నంతా అది తనలో దాచేసుకుని, తేడా ఉన్న గట్టిదనాన్ని మాత్రం వేలి కొసకి పంపుతుంది. మామూలు అంటే ఏమిటో దానికి పొద్దున్నే ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పడమే శూన్యం పట్టడం.

"చెయ్యి పైకెత్తు."

"ఎత్తేనండి. నా ఒళ్ళు రాష్ట్రమంతటికీ తెలుసు, మా ఆయనకి తప్ప."

నీహారిక నవ్వాపుకుంది. నవ్వితే చెయ్యి కదులుతుంది. ఎడమవైపు ఆఖరి వరస కూడా అయ్యాక బ్యాటరీ పలక మీద పచ్చగీత నిలబడింది. శూన్యం కుదిరింది. ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ఏ శిబిరంలో ఏ స్పర్శిక తొడుగు వేసుకున్నా, ఈ పూటకి స్వప్న ఒళ్ళే మామూలు ఒళ్ళు.

తొడుగులు విప్పి బల్ల మీద పెట్టేసరికి స్వప్న జాకెట్టు హుక్కులతో కుస్తీ పడుతోంది.

"చూడండి, కొత్తగా కుట్టించేను. ఆ టైలరు బాషాకి ఎడంపక్కకొచ్చేసరికి పిసినారితనం. కిందటిసారి కూడా ఇంతే. ఏం బాషా, గుడ్డ దాచుకుంటన్నావా అని అడిగితే, మీరే లావయ్యారమ్మా అంటాడు. ఒక్కపక్కే లావవుతానా?"

"ఉండు, నేను పెడతాను."

నీహారిక వంగి గుడ్డని ఇవతలికి లాగింది. మూడో హుక్కు అందలేదు. కింది అంచు సర్దడానికి రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చింది. వేళ్ళు ఆగిపోయాయి.

రొమ్ము మడత కింద, పక్కటెముకని ఆనుకుని, తడి మట్టిలో కూరుకుపోయిన చింతగింజలా ఉంది. వేలితో తోస్తే కదల్లేదు. ఇంకాస్త నొక్కితే అంచు గరుకుగా తెలిసింది. తొడుగులు రాకముందు, ఉత్త చేతులతో ఈ పని నేర్చుకున్న రోజుల్లో ఆమె వేలికి ఒక జ్ఞాపకం ఉండేది. అది ఇన్నేళ్ళ తర్వాత ఉలిక్కిపడి లేచింది.

బల్ల దగ్గరకి వెళ్ళి కుడి తొడుగు మళ్ళీ వేసుకుని వచ్చి అక్కడే నొక్కింది. మెత్తగా ఉంది. వెన్నముద్ద మీద వేలు పెట్టినట్టుంది. తొడుగు తీసి నొక్కింది. గింజ. మళ్ళీ తొడుగుతో. వెన్న.

"హుక్కు అక్కడ లేదండి," అంది స్వప్న. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"సరిగ్గా పట్టలేదేమోనని చూస్తున్నానక్కా. మధ్యాహ్నం వంటగదిలోనే ఉంటావుగా?"

"ఎక్కడికి పోతాను? మీ అందరికీ వండి పెట్టాలిగా."

స్వప్న పైట సర్దుకుని వెళ్ళిపోయింది. ప్రమాణ దేహం పని పొద్దున కాసేపే. మిగతా పూటంతా కేంద్రం వంటిల్లు ఆమెదే.

*

నీహారిక గదిలో గోడకి ఒక గీత వేలాడుతూ ఉంటుంది. ఖాళీ పిలుపులు తగ్గిన గీత. ఏటవాలుగా కిందికి దిగి, ఈ ఏడాది దాదాపు నేలకి ఆనింది. ఆ గీతకే ఆమెకి శాలువా కప్పారు.

స్పర్శికకి అనుమానం వస్తే పిలుపు నమోదు చేస్తుంది. పిలుపు పడిన మనిషికి చూపు చీటీ వస్తుంది. అది పట్టుకుని రైలెక్కి చూపు యంత్రం దగ్గరికి వెళ్ళాలి. పెద్ద కోత తర్వాత, లోపలికి చూడగలిగే యంత్రాలు రాష్ట్రం మొత్తానికి మూడు మిగిలాయి. వాటిలో ఒకటి ఎప్పుడూ మరమ్మతులోనే ఉంటుంది. పొలం పని మానుకుని, చంటిబిడ్డని చంకనేసుకుని విశాఖ వెళ్ళి, ఆసుపత్రి వరండాలో రోజుల తరబడి పడుకుని, చివరికి ఏమీ లేదనిపించుకుని తిరిగొచ్చే ఆడవాళ్ళని నీహారిక చూసింది. ఆ ఖాళీ మనిషి స్థానంలో వెళ్ళాల్సిన మనిషి ఇక్కడ ఊళ్ళో చచ్చిపోవడమూ చూసింది. ఖాళీ పిలుపు తగ్గించడం అంటే ఒక ప్రాణం నిలబెట్టడమే. ఆ మాట ఇవాళ పొద్దున దాకా ఆమె నమ్మింది.

వానాకాలంలో చెమ్మకి తొడుగుల గుజ్జు ఉబ్బి, లేనిపోని పిలుపులు పడేవి. అప్పట్లో శూన్యం ఏడాదికోసారి పట్టేవారు, పలువురు ఆడవాళ్ళని కూర్చోబెట్టి. రెండేళ్ళ క్రితం నీహారిక పద్ధతి మార్చింది. ఒకే మనిషి, రోజూ. ఒళ్ళు మారకపోతే తొడుగు మారిందా లేదా ఇట్టే తెలుస్తుందని ఆమె లెక్క. ఆ లెక్క ఎంత బాగా పనిచేసిందో గోడ మీది గీత చెబుతోంది.

ఒళ్ళు మారుతుందని ఎవరికీ తోచలేదు. తనకీ తోచలేదు.

నిన్నటి శూన్యం మీద ఇవాళ్టి శూన్యం పరిచి చూసింది. తేడా లేదు. మొన్నటి దాని మీద నిన్నటిది. తేడా లేదు. ఆ తర్వాత రెండేళ్ళ కిందటి మొదటి శూన్యాన్ని బయటికి తీసి, దాని మీద ఇవాళ్టిది పరిచింది. ఇడ్లీ పిండి పొంగడం ఎదురుగా కూర్చుంటే కనబడదు. రాత్రి మూతపెట్టి పొద్దున తీస్తేనే తెలుస్తుంది. పలక మీద ఎడమవైపు కింద, చిన్న దిబ్బ లేచి ఉంది.

తొడుగు రోజూ ఆ దిబ్బని చూసింది. చూసి, ఇది మామూలు అనుకుంది. మర్నాడు అది ఇంకాస్త పెరిగితే, ఆ పెరిగిందీ మామూలే అనుకుంది. ఆ మామూలు నేర్చుకుని రాష్ట్రంలో ప్రతి తొడుగూ ప్రతి ఆడదాని ఒంట్లో ఆ చోట అంత గట్టిదనాన్ని తీసివేసుకుంటూ పోయింది.

ఒక పని మిగిలింది. అది చెయ్యాలని లేకపోయినా చేసింది. అన్ని శిబిరాల నుంచీ వచ్చిన పిలుపుల్లో ఆ చోటి పిలుపులు ఎన్నో విడదీసి చూసింది. మొదటి ఏడాది తగ్గుతూ వచ్చాయి. ఈ ఏడాది ఒక్కటీ లేదు. ఇన్ని లక్షల మందిలో ఒక్క ఆడదానికీ ఎడమ రొమ్ము కింద ఏమీ రాలేదట.

టేబులు మీద ఫోను మోగింది. అత్తగారు సౌజన్య.

"నీళ్ళ వంతు ముందే వచ్చేసిందమ్మా. ట్యాంకు నింపేసేను. పెరుగు తోడెట్టేదా, వచ్చి నువ్వు పెడతావా?"

"మీరే పెట్టండత్తయ్యా."

"గొంతు అలా ఉందేంటి? తిన్నావా?"

"తింటాను." పోయిన నెల అత్తగారిని తనే స్వయంగా తొడుగు వేసుకుని చూసింది. ఏమీ లేదత్తయ్యా అంది. ఆవిడ వీధంతా తిరిగి చెప్పుకుంది, మా కోడలి చేతిలోంచి ఏదీ తప్పించుకోదని. "అత్తయ్యా," అంది నీహారిక. "గేటు వేసుకోండి," అని పెట్టేసింది.

*

కేంద్రం డైరెక్టరు భార్గవ్ పలక మీది దిబ్బని చాలాసేపు చూశాడు. అర్థం చేసుకోవడానికి ఆయనకి అంత సేపు అక్కర్లేదు. ఆయన కూడా ఈ పనిలోనే తల నెరిసినవాడు.

"లిఖితకి తెలుసా?"

"తెలీదు. ఆమె తొడుగుతోనే పట్టింది. ఉత్త చేత్తో ముట్టుకోకూడదని మనమే రూలు పెట్టాం కదండీ."

"ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

భార్గవ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "సాయంత్రం కొత్త హస్తం, తొమ్మిదోది, అన్ని శిబిరాలకీ వదులుతున్నాం. దాంతోపాటే శూన్యం మార్చేసెయ్. పాతది, రెండేళ్ళ కిందటిది పెట్టు. రేపట్నుంచి వేరే మనిషిని కూర్చోబెడదాం. ఒక్కరు కాదు, నలుగురిని. ముందుకి అంతా సరిగ్గా ఉంటుంది."

"మరి ఖాళీ అని ఇళ్ళకి పంపేసినవాళ్ళు?"

"వచ్చే ఏడు మళ్ళీ వస్తారుగా. కొత్త హస్తం పట్టుకుంటుంది."

"వచ్చే ఏటికి కొందరు ఉండరండి."

"కూర్చో నీహారికా. నిలబడి మాట్లాడితే నేను విలన్‌లా కనిపిస్తాను." ఆమె కూర్చున్నాక అన్నాడు, "రెండేళ్ళలో మనం చూసినవాళ్ళందర్నీ మళ్ళీ రమ్మని చెప్పామనుకో. స్పర్శిక చెయ్యి అబద్ధం చెప్పిందంటారు. మళ్ళీ చెయ్యి వేయనిస్తారా? మనదగ్గరికి రావడమే మానేస్తారు. భయపడిన వాళ్ళు తిన్నగా యంత్రాల మీదకి పోతారు. రెండు యంత్రాలు. ఆ తొక్కిడిలో నిజంగా జబ్బున్న మనిషి లోపలికి వెళ్ళగలదా? మా అమ్మ చీటీ చేతిలో పట్టుకుని వరండాలోనే పోయింది. నీకు తెలుసుగా. లెక్క నువ్వే వెయ్యి. ఎటు ఎక్కువమంది పోతారో చూసి చెప్పు."

నీహారిక లెక్క వేసింది. ఆమెకి వేరే ఏమీ రాదు, లెక్క వేయడం తప్ప. ఆయన చెప్పిందాంట్లో తప్పు కనబడలేదు. అదే భయంగా అనిపించింది. పొద్దున పలక మీద పచ్చగీత నిలబడినప్పుడు కూడా ఇలాగే ఎక్కడా తప్పు కనబడలేదు.

భార్గవ్ సొరుగు తెరిచి చూపు చీటీ తీసి రాశాడు. గట్టి అట్ట, మూలన చిన్న పచ్చ చుక్క వెలుగుతూ ఉంది. పిలుపు లేకపోయినా డైరెక్టరు విచక్షణ కింద ఇచ్చేది. "ఎల్లుండికి రాశాను. స్వప్నని రేపు విశాఖ రైలెక్కించు. కారణం గడిలో ఏమీ రాయలేదు. రాయించకు. బయటకొస్తే ఈ చీటీ చెల్లదు, నేనూ చెల్లను, నువ్వూ చెల్లవు."

*

వంటింట్లో స్వప్న గోంగూర కట్టలు ముందేసుకుని కూర్చుంది. నీహారిక ఎదురుగా పీట లాక్కుని కూర్చుని తనూ ఒక కట్ట విప్పింది.

"మేడంగారు వంటింట్లోకొచ్చి ఆకు గిల్లుతన్నారంటే ఏదో అయ్యుంటది," అంది స్వప్న.

"అక్కా, నీకు ఎడంవైపు గడ్డ ఉంది."

స్వప్న చేతులు ఆగలేదు. ఆకు గిల్లి బేసిన్లో వేస్తూనే ఉంది. "పొద్దున తొడుగు వేసి, తీసి, వేసి, తీసి చేసేరు చూడండి. అప్పుడే అనుకున్నాను. గడ్డంటే ఆ గడ్డేనా?"

"యంత్రం కింద పెడితే గానీ ఖాయంగా చెప్పలేను. నా వేలికి మాత్రం అదే అనిపించింది."

"ఎన్నాళ్ళ నించి?"

"రెండేళ్ళకి అటూ ఇటూ."

ఇప్పుడు చేతులు ఆగాయి. "రోజూ చూసేరు కదండీ," అంది స్వప్న. గొంతు పెంచలేదు. "దసరాకీ చూసేరు. మా అత్త పోయినప్పుడు మైల అన్నా వినకుండా కబురెట్టి మరీ చూసేరు. దేశంలో నా అన్ని సార్లు చూపించుకున్న ఆడది ఇంకోత్తి ఉండదు."

"రోజూ చూడ్డం వల్లే తెలియలేదక్కా. నిన్ను చూసి, ఇదీ మామూలు ఒళ్ళంటే అని తొడుక్కి చెప్పాం. నీలో ఏముంటే అదే మామూలైపోయింది. ఆ పద్ధతి పెట్టింది నేనే."

పొయ్యి మీద అన్నం కుతకుతలాడి మూత ఎగిరింది. స్వప్న లేచి మూత తీసి, మంట తగ్గించి, అక్కడే నిలబడిపోయింది. ఆమె వీపు మాత్రమే నీహారికకి కనబడుతోంది.

"అయితే నాకున్న చోటే ఇంకో ఆవిడకి ఉంటే?"

"తొడుక్కి తెలీదు."

"మా చెల్లి వర్షిణి మొన్న కార్తీకంలో పెంటపాడు శిబిరంలో చూపించుకుంది. ఏదో తగుల్తందక్కా అని నాకు చెప్పి మరీ వెళ్ళింది. ఖాళీ అన్నారట. ఆ రోజు బూరెలు వండి పంచింది. నేను తిన్నాను." ఇటు తిరిగింది. "ఎడంపక్కేనండి అది కూడా."

నీహారిక చీటీ తీసి పీట మీద పెట్టింది. డైరెక్టరు చెప్పిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్క మాట దాచలేదు, మెత్తన చెయ్యలేదు.

స్వప్న కొంగుకి చేతులు తుడుచుకుని చీటీ తీసుకుంది. "తీసుకుంటానండి. వద్దనేంత గొప్పదాన్నేం కాదు. బతకాలని ఉంది నాకు."

"నీదే అది. తీసుకో."

"ఇది పుచ్చుకుంటే నేను నోరు మూసుకోవాలా?"

"నువ్వు కాదు. నేను."

"మూసుకుంటారా?"

నీహారిక గోంగూర కాడ ఒకటి చేతిలో పట్టుకుని తిప్పుతూ ఉంది. "ఒక దారి ఉంది. సాయంత్రం హస్తం వదిలేటప్పుడు నీ గడ్డని అందులో పంపొచ్చు. ప్రతి స్పర్శిక వేలికీ అది తగులుతుంది. ఒక్కసారి తగిలితే చాలు, ఇక మర్చిపోలేరు. కానీ ఇది పిలుపు లేకుండా ఇచ్చిన చీటీ, పంపిన మరుక్షణం రద్దవుతుంది. జనం తొక్కిడిలో మళ్ళీ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో నేను చెప్పలేను."

"నన్నెందుకు అడుగుతున్నారు మరి?" స్వప్న గొంతులో మొదటిసారి పదును వచ్చింది. "తప్పు మీరు చేసేరు. దిద్దుకోడానికి నా నోటితో అవుననిపించుకుందామనా? అవునంటే నేను చస్తాను. కాదంటే మా చెల్లి. ఇద్దర్నీ నా నెత్తిన పెట్టి మీరు చేతులు కడుక్కుంటారు."

"అది కూడా ఉందేమో," అంది నీహారిక. "కానీ రెండేళ్ళు నీ ఒంటికి ఏమవుతోందో నిన్నడగలేదు. ఇప్పుడు కూడా అడక్కుండా దాంతో పని చేయించుకోలేను. నువ్వు కాదంటే ఈ మాట ఇక ఎత్తను. నీ మీద ఒట్టు కాదు, మా అత్తగారి మీద. ఆవిడనీ నేనే చూశాను, ఆ తొడుగుతోనే."

స్వప్న గోంగూర బేసిను ఎత్తుకుంది. "లెగండి. అడ్డం. జనం భోజనాలకొచ్చే వేళైంది."

*

భోజనాలు అయిపోయాయి. శిక్షణ పిల్లలు గోంగూర పప్పు ఇంకొంచెం అని అడిగి వేయించుకున్నారు. స్వప్న ఎప్పట్లాగే, కొసరి వడ్డిస్తూ, పుల్ల విరిచినట్టు మాట్లాడుతూ తిరిగింది. నీహారిక తినలేకపోయింది. గదిలోకి వెళ్ళి తొమ్మిదో హస్తాన్ని ముందేసుకుని కూర్చుంది. పాత శూన్యం పెట్టింది. అంతవరకు చెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పుడిక వదిలేసి ఇంటికి వెళ్ళిపోతే, తన గీత కొంచెం పైకి లేస్తుంది. జనం అడిగితే వాతావరణం అని చెప్పొచ్చు. అత్తగారిని ఇంట్లో ఉత్త చేత్తో చూసుకోవచ్చు. తన ఇల్లు వరకు తను బాగుంటుంది.

కొత్త హస్తం వదిలినప్పుడు, తొడుగు వేసుకోగానే స్పర్శికల వేళ్ళకి మచ్చుస్పర్శ ఒకటి అందుతుంది. వేళ్ళు దానికి శ్రుతి చేసుకుంటాయి. ఎప్పుడూ మెత్తటి, ఏమీ లేని రొమ్మునే మచ్చుగా పంపుతారు. ఆ గడి ఇంకా ఖాళీగా ఉంది. నీహారిక దాన్ని చూస్తూ కూర్చుంది. ఎండ కిటికీలోంచి దిగి నేల మీదకి వచ్చింది.

తలుపు తోసుకుని స్వప్న వచ్చింది. మొహం కడుక్కుని, తల దువ్వుకుని ఉంది. తిన్నగా వధువు గదిలోకి నడిచింది. నీహారిక వెనకాలే వెళ్ళింది.

"వర్షిణికి ఇద్దరూ చిన్నపిల్లలండి," అంది స్వప్న కుర్చీలో కూర్చుంటూ. "నా కొడుకు పెద్దోడైపోయేడు. వాడికి వంట కూడా వచ్చు." జాకెట్టు విప్పడం మొదలుపెట్టి ఆగింది. "ముందు నాకు చూపించండి. ఎక్కడుందో."

నీహారిక ఆమె కుడిచెయ్యి అందుకుంది. ఆ చేతికి ఇంకా గోంగూర పసరు వాసన ఉంది. మూడు వేళ్ళు కలిపి, మడత కిందికి తీసుకెళ్ళి, తన వేళ్ళతో పైనుంచి నొక్కింది.

స్వప్న కళ్ళు మూసుకుంది. "ఇదా."

"ఇదే."

"స్నానం చేసేటప్పుడు తగుల్తానే ఉందండి. ఎముకనుకున్నాను. మీరు రోజూ చూస్తన్నారు కదా, ఉంటే చెప్పరా అనుకున్నాను." చెయ్యి అక్కడే ఉంచి కొంతసేపు కూర్చుంది. తర్వాత తనే తీసేసింది. "మళ్ళీ తొడుగేనా?"

"తొడుగులోంచి వెళ్తేనే మిగతావాళ్ళ వేళ్ళకి అందుతుంది. పాత శూన్యం పెట్టేశాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు తెలుస్తుంది."

"అయితే కానివ్వండి. సుతారంగా వద్దు. గట్టిగానే నొక్కండి."

మాతృహస్తం వేళ్ళని అలవాటైన వరసలో ముందుకు తోసింది. నీహారిక దాన్ని ఆపేసి, తన చేత్తో, తన ఒత్తిడితో, ఆ ఒక్క చోటికి వెళ్ళింది. పైపైన. లోపలికి. ఎముక దాకా. తొడుగు ఈసారి దాచుకోలేదు. గింజ, గింజ అంచు, దాని మొండితనం అన్నీ వేలి కొసకి వచ్చాయి. స్వప్న పళ్ళు బిగబట్టింది గానీ ఆపమనలేదు.

హస్తం వదలడానికి బొటనవేలి ముద్ర వేయాలి. నీహారిక వేసింది. పలక మీద శిబిరాల పేర్లు ఒకటొకటిగా వెలిగాయి. పొలం పనులు ముగించుకుని ఆడవాళ్ళు వచ్చే వేళ. ఊరూరా స్పర్శికలు తొడుగులు వెచ్చబెట్టుకుని వేసుకుంటున్న వేళ.

కాసేపు ఏమీ జరగలేదు. స్వప్న హుక్కులు పెట్టుకుని, పైట వేసుకుని, చీటీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. మూలన పచ్చ చుక్క ఒకసారి రెపరెపలాడి ఆరిపోయింది.

"పోయింది," అంది స్వప్న.

"పోయిందక్కా."

స్వప్న అట్టని రెండు వైపులా తిప్పి చూసింది. చించలేదు, పారెయ్యలేదు. మళ్ళీ ఒళ్ళోనే పెట్టుకుంది. నీహారిక ఆమె మీంచి కళ్ళు తిప్పుకోలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. భార్గవ్ గబగబా ఎక్కి వస్తున్నాడు. ఆయన గుమ్మంలోకి రాకముందే తలుపు అవతల గోడ ఫోను మోగింది. నీహారిక అటు కదలబోతే ఆయన తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"వెనక్కి తీసుకో," అన్నాడు. ఆయాసపడుతున్నాడు. "ఇంకా సగం శిబిరాలు సాయంత్రం పూటకి తెరవలేదు. ముద్ర వెయ్యి, వెనక్కి తీసేద్దాం."

"తీసుకోనండి."

"ఎంతమంది చస్తారో తెలుసా నీకు?"

"తెలీదు. ఇన్నాళ్ళూ ఎంతమంది చచ్చారో కూడా తెలీదు."

ఫోను మోగుతూనే ఉంది. కింద గదిలో ఇంకో ఫోను, దాని వెనకే మరొకటి అందుకున్నాయి. స్వప్న కుర్చీలోంచి లేచి, ఇద్దర్నీ దాటుకుని వెళ్ళి గోడ ఫోను తీసింది.

"కేంద్రమేనాండి?" అవతల పడుచు గొంతు. "పాలకోడేరు శిబిరం నించండి. కొత్త హస్తం వచ్చింది కదాండి. తొడుగు వేసుకోగానే వేళ్ళ కింద గట్టిగా ఏదో తగుల్తందండి. ఎడంపక్క, కిందన, ఎముకనానుకుని. శిక్షణలో రబ్బరు బొమ్మల్లో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదండి. ఇది ఎవరిదండీ?"

స్వప్న గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

"నాది," అంది.

"మీదాండి?" అంది అవతలి పిల్ల.

"నాదేనమ్మా. ఎలా ఉందో బాగా చూసుకో. చూసుకున్నాక తొడుగు తీసేసి, నీ ముందు కూర్చున్నావిడకి అక్కడే చూడు. తొందరపడకు. నేను లైన్లోనే ఉంటాను."